33 మ్యాచ్‌లా, 1,205 మ్యాచ్‌లా?

మన క్యాంపస్‌లో రెండు మాటలున్నాయి, గమనించారో లేదో. ప్రోడక్ట్ కంపెనీలో ఉద్యోగం వస్తే "కొట్టాడు" అంటాం. సర్వీస్ కంపెనీలో వస్తే "పడ్డాడు" అంటాం. ఇద్దరూ పరీక్ష రాసే, ఇంటర్వ్యూలో కూర్చునే తెచ్చుకున్నారు. అయినా ఒకడు కొట్టినట్టు, ఇంకొకడు నూతిలో జారిపడ్డట్టు మాట్లాడతాం. ఈ "పడ్డాడు" మీద నాకు కోపం రావడానికి కారణం మాత్రం ఒక ఐస్ హాకీ ఆటగాడు. ఫ్రిజ్‌లో తప్ప ఐసు చూడని మనకి ఆ గొడవ ఎందుకంటారా, కాస్త ఓపిక పట్టండి.

ఆయన పేరు విల్లీ మార్షల్. కెనడాలో, అంటారియోలోని కిర్క్‌లాండ్ లేక్ అనే బంగారు గనుల ఊళ్లో 1931లో పుట్టాడు. అమెరికా, కెనడాల్లో ఈ ఆటకి పై మెట్టు నేషనల్ హాకీ లీగ్. దాని కింది మెట్టు అమెరికన్ హాకీ లీగ్. మన భాషలో టెస్టు టీము, రంజీ టీము అనుకోండి. పూర్తిగా అతకదు గానీ పని జరుగుతుంది. మార్షల్ 1952 నుంచి 1972 దాకా ఇరవై సీజన్లు ఆ కింది మెట్టు మీదే ఆడాడు. 1,205 మ్యాచ్‌లు, 523 గోల్స్. పక్కవాడు గోల్ కొట్టడానికి పాస్ అందిస్తే దాన్ని అసిస్ట్ అంటారు, అవి 852. గోల్సూ అసిస్టులూ కలిపితే 1,375 పాయింట్లు. ఈ నాలుగు అంకెలూ ఇవాళ్టికీ ఆ లీగ్‌లో రికార్డులే. పై లీగ్‌లో మాత్రం టొరంటో మేపుల్ లీఫ్స్ తరఫున 33 మ్యాచ్‌లు ఆడాడు. కొట్టింది ఒకే ఒక్క గోల్.

"అంటే పైకి వెళ్లలేకపోయాడన్నమాట" అన్నాడు మా రూమ్మేట్, ఇదంతా విని. టాలెంట్ ఉంటే ఎవరూ ఆపలేరని వాడి సిద్ధాంతం. వాడొక్కడిదే కాదు లెండి, మోటివేషన్ స్పీచ్ ఇవ్వడానికి వచ్చే ప్రతి గెస్టుదీ అదే.

అసలు పైన కుర్చీలెన్నో ముందు చూద్దాం. 1942 నుంచి 1967 దాకా నేషనల్ హాకీ లీగ్‌లో ఉన్నవి ఆరే ఆరు జట్లు. మాంట్రియల్, టొరంటో, బోస్టన్, న్యూయార్క్, డెట్రాయిట్, షికాగో. జట్టుకి ఇరవై మంది చొప్పున వేసుకున్నా నూట ఇరవై ఉద్యోగాలు. గోల్‌కీపర్ల సంగతి ఇంకా ఘోరం. ప్రతి జట్టూ రెండో గోల్‌కీపర్ని సిద్ధంగా ఉంచుకోవాలన్న నియమం 1965లో గానీ రాలేదు. అప్పటిదాకా జట్టుకి ఒక్కడే, అంటే లీగ్ మొత్తానికి ఆరుగురు. పోనీ ఈ జట్టు వద్దంటే ఇంకో జట్టుని అడుగుదామా అంటే అదీ లేదు. ఆటగాడి మీద హక్కు క్లబ్బుది. 1957లో డెట్రాయిట్ స్టార్ టెడ్ లిండ్సే ఆటగాళ్ల సంఘం పెట్టడానికి నడుం కట్టాడు. అదే ఏడాది క్లబ్బు ఆయన్ని తీసుకెళ్లి, పట్టికలో అట్టడుగున ఉన్న షికాగోకి ఇచ్చేసింది. స్టార్ గతే అది. 1967లో ఆరు జట్లు పన్నెండయ్యాయి, ఒక్కసారిగా కుర్చీలు రెట్టింపయ్యాయి. అప్పటికి మార్షల్‌కి 35 ఏళ్లు.

ఇక్కడ జానీ బోవర్ అనే గోల్‌కీపర్ గురించి చెప్పకపోతే నా వాదన నిలబడదు. ఈయనా కింది లీగ్ మనిషే. 1953-54లో న్యూయార్క్ రేంజర్స్‌కి సీజన్‌లోని 70 మ్యాచ్‌లూ ఆడాడు. తర్వాతి ఏడాది ఆ కుర్చీ ఇంకొకరికిచ్చి ఈయన్ని మళ్లీ కిందికి పంపేశారు. 1958లో టొరంటో పిలిచేనాటికి ముప్పై మూడేళ్లు నిండిపోయాయి. ఆ వయసులో వెళ్లి 1962, 63, 64, 67ల్లో నాలుగు స్టాన్లీ కప్పులు గెలిచాడు. 1976లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. ఈ కథని అందరూ ఓపికకి ఫలితం అన్నట్టు చెబుతారు. నాకు మాత్రం తలకిందులుగా కనిపిస్తుంది. ముప్పై మూడేళ్లప్పుడు అంత గొప్పగా ఆడినవాడు ఇరవై ఎనిమిదేళ్లప్పుడు చేతకానివాడా? టొరంటో ఫోన్ చేయకపోతే బోవర్ కూడా మా రూమ్మేట్ లెక్కలో "వెళ్లలేకపోయినవాడే" కదా.

సరే, వాడి ప్రశ్న కూడా న్యాయమైనదే. అవకాశం రాలేదా అంటే మార్షల్‌కి వచ్చింది. 33 మ్యాచ్‌ల్లో ఒక గోల్ అంటే గొప్పగా చెప్పుకునేది కాదు. అవి ఒక్క ఏడాది వరసగా వచ్చినవి కావు, నాలుగు సీజన్లలో ముక్కలు ముక్కలుగా వచ్చినవి. అయినా, పై ఆటకి ఆయన సరిపోలేదేమో అన్న అనుమానాన్ని నేను కొట్టిపారేయలేను. రంజీలో 637 వికెట్లు తీసి ఒక్క టెస్టూ ఆడని రాజీందర్ గోయల్ విషయంలో అయితే బేడీ ఉన్నాడు కాబట్టి అని సులువుగా చెప్పేస్తాం. మార్షల్‌కి అంత శుభ్రమైన కారణం లేదు. నాకు అర్థం కానిదల్లా, ఆ 33 మ్యాచ్‌లు మిగతా 1,205నీ ఎందుకు మింగేయాలనేది.

1957-58 సంగతే తీసుకోండి. పెన్సిల్వేనియాలో హెర్షీ అని చాక్లెట్ ఫ్యాక్టరీ చుట్టూ కట్టిన ఊరుంది. మార్షల్ అక్కడి హెర్షీ బేర్స్ జట్టులో ఉన్నాడు. వాళ్ల స్టేడియం 1936లో కట్టింది. మధ్యలో ఒక్క స్తంభం లేకుండా, పల్చటి కాంక్రీటు పెంకుని విల్లులా వంచి కప్పేశారు. సివిల్ వాళ్లు ఆంటన్ టెడెస్కో పేరు వెతికి చూడండి, వైవాలో ఎప్పుడైనా పనికొస్తుంది. ఆ కప్పు కింద ఆ సీజన్‌లో మార్షల్ 104 పాయింట్లతో లీగ్ మొత్తానికీ మొదటివాడు. ఆ లీగ్ కప్పు, దాన్ని కాల్డర్ కప్ అంటారు, ఆ ఏడాది హెర్షీదే. పగలంతా పని చేసుకుని రాత్రి టికెట్ కొనుక్కుని వచ్చినవాడికి అది రెండో రకం గోల్‌లా కనిపించి ఉంటుందా? అతని ఊరి జట్టు గెలిచింది, అతను లేచి అరిచాడు. "మైనర్" అన్న మాట టొరంటో ఆఫీసు నుంచి చూసేవాడికి అవసరం గానీ, ఆ కుర్చీలో కూర్చున్నవాడికి దాంతో పనేముంది?

2003-04 సీజన్ నుంచి అమెరికన్ హాకీ లీగ్‌లో ఎక్కువ గోల్స్ కొట్టినవాడికి విల్లీ మార్షల్ అవార్డు ఇస్తున్నారు. అది అందుకున్న కుర్రాడు కూడా పైనుంచి ఫోన్ ఎప్పుడొస్తుందా అని చూస్తూనే ఉంటాడు. చూడనివ్వండి, పైకి వెళ్లాలనుకోవడంలో తప్పేముంది? నేనూ చూస్తున్నాను, నాకింకా ఏ ఆఫరూ రాలేదు.

మా రూమ్మేట్‌కి మాత్రం పోయిన వారం వచ్చింది, సర్వీస్ కంపెనీలో. మెస్‌లో ఎవడో "ఏరా, అందులో పడ్డావంట?" అన్నాడు. సిద్ధాంతం అదీ ఇదీ అని నాతో గంటసేపు వాదించినవాడు ఒక్క మాట అనలేదు, తల వంచుకుని అన్నం కలుపుతున్నాడు. "పడలేదు, జూలైలో చేరుతున్నాడు" అన్నాను నేను.