ఎవరి లెక్క పెద్దది?

పిల్లలూ! మీ ముందు ఒక తగవు పెడతాను. తీర్పు మీరే చెప్పాలి.

చంపాపేట్ పిల్లల జట్టుకూ, దిల్‌సుఖ్‌నగర్ పిల్లల జట్టుకూ బాస్కెట్‌బాల్ పందెం జరిగిందనుకోండి. పన్నెండేళ్ల లోపువాళ్లే ఆడాలని ముందే మాట అనుకున్నారు. తీరా చూస్తే అవతలి జట్టులో ఒకడికి నూనూగు మీసాలు! “వాడికి పదకొండే” అంటారు వాళ్లు. ఆట ముగిసింది. “మావి ముప్ఫై” అని వీరూ, “కాదు, ఇరవై ఎనిమిదే” అని వారూ. కాగితం మీద రాసినవాడు ఒక్కడూ లేడు. మరి గెలిచింది ఎవరు?

చూశారా, ఆటకు బంతీ బుట్టా వుంటే చాలదు. ఎవరు ఆడవచ్చునో చెప్పే నియమం వుండాలి. జరిగినది జరిగినట్టు రాసే పుస్తకం వుండాలి. ఈ ఆట పుట్టినప్పుడే నియమాలు కూడా పుట్టాయి. 1891 డిసెంబరులో అమెరికాలో స్ప్రింగ్‌ఫీల్డ్ అనే వూళ్లో జేమ్స్ నైస్మిత్ అనే పంతులుగారు పీచ్ పళ్ల బుట్టలు రెండు ఎత్తున బిగించి, పదమూడు నియమాలు రాసి అంటించారు. పద్ధెనిమిది మంది విద్యార్థులు తొమ్మిదేసి మందిగా ఆడారు. ఆట మొత్తానికి బుట్టలో పడినది ఒకే ఒక్క బంతి!

ఇప్పుడు అసలు తగవుకు వద్దాం. అమెరికాలో లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయం తరఫున పీట్ మారవిచ్ అనే కుర్రవాడు 1967 నుంచి 1970 వరకు ఆడాడు. 83 ఆటల్లో 3,667 పాయింట్లు సంపాదించాడు. అంటే ఆటకు సుమారు 44. ఆ రోజుల్లో మొదటి సంవత్సరం విద్యార్థులు పెద్ద జట్టులో ఆడరాదని నియమం. 1972లో గాని ఆ నియమం పోలేదు. కనక మొదటి ఏడాది చిన్న జట్టులో అతను చేసిన 741 పాయింట్లు లెక్కలోకి రాలేదు. పైగా, దూరం నుంచి వేస్తే మూడు పాయింట్లు ఇచ్చే గీత అప్పటికి లేదు. అది అమెరికా కాలేజీల మగపిల్లల ఆటలన్నిటికీ 1986లో వచ్చింది.

ఆ తరవాత డెట్రాయిట్ మెర్సీ విశ్వవిద్యాలయంలో ఆంటువాన్ డేవిస్ అనే అతను ఆడాడు. మామూలుగా అయితే ఒక విద్యార్థికి నాలుగు ఆటకాలాలే. కాని కరోనా రోజుల్లో ఆటలు చెడిపోయినందుకు అందరికీ అదనంగా ఒక ఏడాది ఇచ్చారు. 2023లో అతని ఆట ముగిసేసరికి 144 ఆటల్లో 3,664 పాయింట్లు! మారవిచ్ కన్నా మూడంటే మూడు తక్కువ. దూరపు బంతి ఒక్కటి పడివుంటే ఇద్దరూ సమానం అయ్యేవారు.

అలా సమానమైతే ఇద్దరూ ఒకటేనా? ఒకరిది మూడేళ్ల లెక్క, ఒకరిది అయిదేళ్ల లెక్క. ఒకరికి గీత లేదు, ఒకరికి వున్నది. అంకెలు తప్పు కావు. కాని అంకె పక్కనే “ఏ నియమం కింద?” అన్న మాట రాయకపోతే ఆ అంకె సగమే నిజం చెబుతుంది.

లినెట్ వుడార్డ్ కథ ఇంకా చిత్రం. కాన్సాస్ విశ్వవిద్యాలయం తరఫున 1981 వరకు ఆడి ఆమె 3,649 పాయింట్లు చేసింది. అప్పట్లో ఆడపిల్లల ఆటలు నడిపే సంఘం వేరు. తరవాత మగపిల్లల సంఘమే ఆడపిల్లల పోటీలు కూడా చేపట్టి, పాత సంఘం లెక్కలు తన పుస్తకంలో చేర్చుకోలేదు. బంతులు బుట్టలో పడ్డమాట నిజమే, కాని పుస్తకం మారిపోయింది! 2024లో కెయిట్లిన్ క్లార్క్ అనే అమ్మాయి ఆ అంకెనూ, మారవిచ్ అంకెనూ కూడా దాటి 3,951 దగ్గర ఆగింది. అప్పుడు గాని చాలామందికి వుడార్డ్ పేరు గుర్తుకు రాలేదు.

పేర్ల సంగతి కూడా వినండి. అమెరికాలో విశ్వవిద్యాలయాలు కొన్ని కలిసి ఒక కూటమిగా ఆడతాయి. అలాంటి ఒక కూటమి పేరు బిగ్ టెన్, అంటే పెద్ద పది. 1896లో మొదలైనప్పుడు అందులో వున్నవి ఏడు. 1990లో పదకొండోది చేరింది. 2024లో పద్ధెనిమిది అయినవి. పేరు మాత్రం పదే!

నవ్వకండి, మనకూ అలాంటివి వున్నాయి. మన విశ్వవిద్యాలయాల పోటీలు దిక్కుల పేరుతో మండలాలుగా జరుగుతాయి. ఉస్మానియా, ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాలు దక్షిణ మండలంలో ఆడతాయి. అదే హైదరాబాదు రైళ్ల లెక్కలో దక్షిణ మధ్య! రంజీ ట్రోఫీ క్రికెట్లో హైదరాబాదు జట్టు 1937–38లో గెలిచినప్పుడు ఈ వూరు నిజాం రాజ్యంలో వుండేది. 1986–87లో మళ్లీ గెలిచేనాటికి ఆంధ్రప్రదేశ్‌లో వున్నది. 2014 నుంచి తెలంగాణలో వున్నది. జట్టు పేరు మాత్రం హైదరాబాదే. పాకిస్తాన్‌లో మరో హైదరాబాదు జట్టు కూడా వుండేది కనక, పుస్తకం రాసేవాళ్లు ఏ హైదరాబాదో కూడా రాయవలసివచ్చేది.

నియమం తప్పితే ఏమవుతుంది? లూయివిల్ విశ్వవిద్యాలయం 2013లో 82–76తో మిషిగన్‌ను ఓడించి అమెరికా కాలేజీలన్నిటిలో మొదటిదిగా నిలిచింది. ఆ జట్టులో కొందరికి నియమాలు ఒప్పని లాభాలు ముట్టాయని తేలి, 2018లో ఆ గెలుపును కొట్టివేశారు. ఏ తప్పూ చేయని తోటి ఆటగాళ్ల గెలుపు కూడా దానితో పోయింది. ఓడిన మిషిగన్‌కు అది దక్కనూ లేదు. పుస్తకంలో ఆ ఏడాది ఖాళీ!

వయసు దాచి ఆడితే ఇంకో నష్టం కూడా వుంటుంది. మీసాలవాడు ఆడినచోట ఆడవలసిన పదకొండేళ్లవాడు ఒకడు గట్టున కూచుని వుంటాడు. వాడి పేరు ఏ పుస్తకంలోనూ ఎక్కదు.

కనక ఈసారి పందెం పెట్టుకున్నప్పుడు ఒక నోటుపుస్తకం తీసుకోండి. తేదీ, స్థలం, ఆడేవారి పేర్లు, పుట్టిన తేదీలు, ఒప్పుకున్న నియమాలు ముందే రాయండి. బంతి పడినప్పుడల్లా ఒక గీత గీయండి. చివర రెండు జట్ల నాయకులూ సంతకాలు చెయ్యాలి.

ఇక మీ తీర్పు: 83 ఆటల్లో 3,667 పెద్దదా, 144 ఆటల్లో 3,664 పెద్దదా? ముందు భాగించి చూసి, ఆ తరవాత వాదించుకోండి!