గోడకు జ్వరం వచ్చింది

పిల్లలూ, కిందటి సంక్రాంతికి నేను జనగామ నుంచి మానుకోటకు, మా అమ్మాయి ఇంటికి వెళ్ళాను. మహబూబాబాదును మావైపు పెద్దవాళ్ళు ఇప్పటికీ మానుకోట అనే అంటారు. వాళ్ళు కొత్తగా నీళ్ళు కాచే గీజరు ఒకటి కొన్నారు. దానిమీద 3000 వాట్లు అని రాసి ఉంది.

గీజరు ప్లగ్గు లావుది. స్నానాలగదిలో ఉన్నదేమో లైటు బోర్డు, దానికి చిన్న సాకెట్టు. ఎవరో లావు ప్లగ్గు కోసేసి చిన్నది బిగించారు. మొదటిరోజునే ఫ్యూజు పోయింది. కొత్త తీగ కట్టారు. మళ్ళీ పోయింది. మా వియ్యంకుడుగారికి విసుగు పుట్టి, పాత వైరులోంచి నాలుగు రాగి పోగులు లాగి, మెలిపెట్టి ఫ్యూజుకు కట్టేశారు. ఇక పోలేదు!

"చూశారా బావగారూ, గట్టి తీగ కడితే ఎట్లా పని చేస్తుందో!" అన్నారాయన నాతో.

మూడోనాడు తెల్లవారుజామున ఇంట్లో మాడు వాసన. పొయ్యి ఇంకా వెలిగించనే లేదు. ఏడో తరగతి చదివే మా మనవరాలు వాసన పట్టుకుంటూ వెళ్ళి, బోర్డు పక్కన గోడమీద చెయ్యి పెట్టి, "తాతయ్యా, గోడకు జ్వరం వచ్చింది!" అని కేక వేసింది. ముందు దాన్ని ఇవతలికి లాగి, తరవాత మెయిన్ ఆపించాను. కరెంటు పని చేసే అతను వచ్చి బోర్డు విప్పితే, లోపల తీగ తొడుగు నల్లగా మాడి, బెల్లం పాకంలాగా జారి ఉంది. ఆ తొడుగు మామూలుగా 70 డిగ్రీల వేడి దాకా ఓర్చుకుంటుంది. ఇంకొన్నాళ్ళు ఇట్లాగే సాగితే ఏమయ్యేదో నేను వేరే చెప్పక్కర్లేదు.

అప్పుడు మా మనవరాలు ఒక మంచి ప్రశ్న వేసింది. "గీజరు వేడెక్కాలి, అది దాని పని. గోడలో తీగను వేడెక్కమని ఎవరు అడిగారు?"

ఈ ప్రశ్నకు జవాబు 1841లోనే దొరికింది. ఇంగ్లండులో మాంచెస్టరు దగ్గర జేమ్స్ జౌల్ అనే యువకుడు ఉండేవాడు. వాళ్ళ కుటుంబానిది బీరు తయారుచేసే వ్యాపారం. అతను గాజు గొట్టానికి తీగ చుట్టి, దాన్ని నీళ్ళ కూజాలో ముంచి, తీగలో కరెంటు పంపి, నీళ్ళు ఎంత వేడెక్కాయో థర్మామీటరుతో కొలిచాడు. ఆలోచిస్తే అదీ ఒక చిన్న గీజరే కద! కరెంటు రెట్టింపైతే వేడి రెండింతలు కాదు, నాలుగింతలు అయింది. మూడు రెట్లైతే తొమ్మిదింతలు. కరెంటు పోయే ప్రతి తీగకూ ఈ లెక్క వర్తిస్తుంది. గీజరులో చుట్టా, గోడలో వైరూ దానికి ఒకటే.

మేమిద్దరం కాగితం తీసుకుని కూచున్నాం. మన ఇళ్ళకు వచ్చేది 230 వోల్టులు. 3000ను 230తో భాగిస్తే 13 ఆంపియర్లు. మీ ఇంట్లో ఏ వస్తువుకైనా ఇట్లాగే లెక్క కట్టవచ్చు. 1000 వాట్ల ఇస్త్రీపెట్టె నాలుగు ఆంపియర్లకు కాస్త పైన తీసుకుంటుంది. 1500 వాట్ల హీటరు ఆరున్నర తీసుకుంటుంది. లైటు బోర్డుకు వేసిన తీగ కోత వైశాల్యం ఒక చదరపు మిల్లీమీటరు. మెయిన్ నుంచి స్నానాలగదికి పోయి రావటానికి దాని పొడవు 40 మీటర్లు. వేడిమీద దాని నిరోధం ఇంచుమించు ముప్పాతిక ఓము. పదమూడు పదమూళ్ళు 169. అందులో ముప్పాతిక వంతు 127. అంటే గోడ లోపల 127 వాట్ల పొయ్యి వెలుగుతోందన్నమాట! బిగువు చాలని అతుకు దగ్గర నిరోధం ఎక్కువై, ఒక్కచోటే ఇంకా ఎక్కువ వేడి పుడుతుంది. కాలింది అక్కడే.

ఫ్యూజు గీజరుకు కాపలా అని చాలామంది అనుకుంటారు. అది కాపలా కాసేది గోడలోని తీగను. తీగ మోయలేనంత కరెంటు వస్తే తీగకంటె ముందు తాను కరిగిపోతుంది. మా వియ్యంకుడుగారు ఆ కాపలావాణ్ణి పడుకోబెట్టారు. ఈ మాట ఆయనతో అనలేదు లెండి, పండగపూట.

ఈ రోజుల్లో ఫ్యూజుకు బదులు బ్రేకర్లు వస్తున్నాయి. అందులో రెండు వేరువేరు లోహాలు అతికిన రేకు ఉంటుంది. మా జనగామ పక్క పెంబర్తి ఇత్తడి పనికి పేరుపడ్డ ఊరు. ఆ ఇత్తడి వేడికి ఇనుముకన్న ఎక్కువ సాగుతుంది. అట్లాగే ఈ రేకులోనూ ఒక లోహం ఎక్కువ సాగి, రేకు వంగి మీట పడిపోతుంది. పని నెమ్మదిది. 16 ఆంపియర్ల బ్రేకరు 23 ఆంపియర్లకు పడిపోవటానికి ఒక్కొక్కసారి గంటదాకా పట్టవచ్చు. ఆ గంటసేపూ తీగ ఓర్చుకోవాలి. అందుకే ముందు వస్తువు తీసుకునే కరెంటు, దానికి పైమెట్టున బ్రేకరు, బ్రేకరుకు పైమెట్టున తీగ. ఈ వరస తిరగబడకూడదు.

మానుకోట గీజరుకు 13, బ్రేకరు 16. తీగ దగ్గర కాస్త చర్చ జరిగింది. పనివాడు "రెండున్నర వైరు చాలు సార్" అన్నాడు. అతని మాట తప్పు కాదు. కాని పైపులో పక్కన వేరే వైర్లు ఉన్నాయి, దూరం ఉంది, మన ఎండాకాలం సంగతి తెలిసిందే. నేను నాలుగు వేయించాను. నాలుగంటే నాలుగు మిల్లీమీటర్ల లావు కాదు సుమా! కోత వైశాల్యం నాలుగు చదరపు మిల్లీమీటర్లు. చూడటానికి లోపలి రాగి అగ్గిపుల్లకంటె కొంచెం లావు. గోడలోని 127 వాట్లు 32కు దిగాయి.

ఈ లెక్కనే పెద్దయెత్తున చూడాలంటే భూపాలపల్లి దగ్గర చెల్పూరు వెళ్ళాలి. అక్కడి కాకతీయ థర్మల్ విద్యుత్కేంద్రంలో 2010లో 500 మెగావాట్ల యూనిట్టు, 2016లో 600 మెగావాట్ల యూనిట్టు వచ్చాయి. సింగరేణి బొగ్గుతో అక్కడా నీళ్ళే కాస్తారు! ఆ 500 మెగావాట్లను 230 వోల్టులతో పంపాలంటే ఇరవై లక్షల ఆంపియర్లు దాటుతుంది. ఏ తీగ మోస్తుంది? అందుకని లక్షల వోల్టులకు పెంచి, కరెంటును వందల ఆంపియర్లకు తగ్గించి పంపుతారు. అక్కడ వోల్టులు పెంచారు, మేం మానుకోటలో రాగి పెంచాం. ఇద్దరం పారిపోయింది జౌల్ లెక్కనుంచే.

ఒక మాట మరిచిపోతానేమో. 16 ఆంపియర్ల బ్రేకరు తీగను కాపాడుతుంది గాని మనిషిని కాపాడదు. మనిషి ప్రాణానికి ఒక ఆంపియరులో పదోవంతు కూడా ఎక్కువే. అందుకు ఎర్తు తీగ ఉండాలి. ఆంపియరులో వెయ్యోవంతులు ముప్ఫై పక్కదారి పట్టినా కరెంటు ఆపేసే వేరే బ్రేకరు కూడా పెట్టించాం. బకెట్టులో హీటరు పెట్టే ఇళ్ళలో, స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకాకనే నీళ్ళలో వేలు పెట్టండి.

మాడిన తీగముక్కను మా మనవరాలు తన జామెట్రీ పెట్టెలో దాచుకుంది. మొన్న ఫోను చేసి, "తాతయ్యా, పక్కింటివాళ్ళు 2000 వాట్ల కరెంటు పొయ్యి కొన్నారు, లైటు బోర్డుకే పెట్టారు, ఎనిమిదీ ముప్పాతిక ఆంపియర్లు" అంది. నేను పలకరించేలోపే, "వాళ్ళ ఫ్యూజులో ఏ తీగ ఉందో అడిగి చెబుతాను" అని ఫోను పెట్టేసింది.