ముందు తెలుగులో చెప్పి చూడండి

ఇంటర్వ్యూలో 'మీ గురించి చెప్పండి' అనగానే మీకేం గుర్తొస్తుంది? బట్టీ పట్టిన నాలుగు ఇంగ్లిష్ వాక్యాలేనా? నాకైతే స్టాండప్ కమెడియన్ జాకిర్ ఖాన్ గుర్తొస్తాడు.

2017లో అమీర్‌పేట హాస్టల్లో ఉండి కోచింగ్‌కి వెళ్లేవాణ్ని. ఓ రాత్రి రూమ్మేట్ తన ఫోన్‌లో ఆయన షో 'హక్ సే సింగిల్' పెట్టాడు. ఒకటే ఫోన్, నలుగురం. మాకు అర్థంకాని హిందీ మాట వస్తే వాడు వీడియో ఆపి చెప్పేవాడు. అలా ఆపి ఆపి చూసినా పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. ఇండోర్ నుంచి వచ్చిన ఓ మామూలు కుర్రాడు ప్రేమలో తిన్న దెబ్బల్ని అంతమంది ముందు దాచకుండా చెప్పేస్తున్నాడు. నేనేమో డిగ్రీలో రెండు సబ్జెక్టులు పోయి ఏడాది వెనకబడ్డానని చుట్టాలకు కూడా చెప్పలేదు.

ఆ నెలలోనే ఓ ఇంటర్వ్యూలో 'ఈ ఏడాది గ్యాప్ ఏంటి?' అన్నారు. ఫ్రీలాన్సింగ్ చేశానని అబద్ధం చెప్పా. రెండో ప్రశ్నకే దొరికిపోయా.

హాస్టల్‌కి వచ్చి ఆ షో మళ్లీ చూశా. ఏం జరిగింది, అప్పుడు తనేం చేశాడు, ఇప్పుడేమనుకుంటున్నాడు... వరసగా చెప్పుకుంటూ పోతున్నాడు. జాలి కోరడం లేదు. తర్వాతి ఇంటర్వ్యూలో నేనూ అంతే చెప్పా: సబ్జెక్టులు పోయాయి, రాసి పాసయ్యా, ఖాళీ సమయంలో టెస్టింగ్ నేర్చుకున్నా. ఆ ఉద్యోగం రాలేదు. కానీ వాళ్లు గ్యాప్‌ని వదిలేసి టెస్టింగ్ గురించి అడిగారు. ఆ పై ఇంటర్వ్యూలో ఉద్యోగం వచ్చింది.

అదే జాకిర్ 2025లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో హిందీలోనే షో చేశాడు. అందుకని 'మనకి ఇంగ్లిష్ ఎందుకు' అనుకుంటే పొరపాటే. ఆయన టికెట్ కొన్నవాళ్లు హిందీ వినడానికే వచ్చారు; మీ ఎదురుగా కూర్చునే హెచ్ఆర్ అలా రారు. ఇంగ్లిష్ నేర్చుకోవాల్సిందే. ఇంటర్వ్యూలో జోకులూ వేయక్కర్లేదు. అయితే చెప్పాల్సిన సంగతి మీకే స్పష్టంగా లేకపోతే ఏ భాషైనా ఏం చేస్తుంది?

అందుకే ఈ రాత్రి ఓ పని చేయండి. మీరు దాస్తున్న ఆ బ్యాక్‌లాగో, గ్యాపో తెలుగులోనే రెండు నిమిషాల్లో ఫ్రెండ్‌కి చెప్పండి. ఎక్కడ వాడు ఫోన్ వైపు చూస్తాడో అక్కడ కత్తిరించండి. మిగిలింది ఇంగ్లిష్‌లోకి మార్చుకోండి. గొంతు వణకడం తగ్గాకే ఇంటర్వ్యూకి వెళ్లండి.