కాఫీ తొక్క మనదే, దాని చదువు కూడా మనదే కావాలి



మేము డిగ్రీలో మైక్రోబయాలజీ చదివే హాస్టల్ పిల్లలం. మా ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. సెలవులకి ఊరెళ్తే "బూజు గురించి చదివితే ఏం ఉద్యోగం వస్తాది?" అని అడుగుతారు. ఆ జవాబు మన పెరట్లోనే ఉంది.

మన ఏజెన్సీలో కాఫీ పండు పల్పర్‌లో వేసి గింజ తీసుకుంటాం. తొక్క కుప్ప పోస్తాం. అది కుళ్ళి కంపు కొడతాది, గెడ్డలో కలుస్తాది. బ్రెజిల్‌లో పరిశోధకులు అలాంటి కాఫీ పొట్టునే కర్రపెండలం పిప్పితో కలిపి, దాని మీద బూజు పెంచి జిబ్బరెల్లిక్ ఆమ్లం తీశారు. అది మొక్కను పొడుగు సాగదీసే హార్మోను. గింజలేని ద్రాక్ష లావెక్కడానికి, హైబ్రిడ్ వరి విత్తనం పండించేటప్పుడు కంకి పొట్టలోంచి బాగా బయటికి రావడానికి పిచికారీ చేసేది ఇదే.

ఈ బూజు పేరు ఫ్యుజేరియం ఫ్యుజికురోయి. అసలు ఇది వరికి తెగులు. నారు పిచ్చిగా పొడుగెదిగి పడిపోతాది. 1926లో తైవాన్‌లో కురొసావా అనే శాస్త్రవేత్త బూజు పెరిగిన ద్రవం ఒక్కటే పోసినా నారు అలాగే సాగుతుందని చూపించాడు. 1935లో యబుటా దానికి జిబ్బరెల్లిన్ అని పేరు పెట్టాడు.

ఫ్యాక్టరీలు ఎక్కువగా పెద్ద ట్యాంకుల్లో, ద్రవంలో ఈ బూజు పెంచుతాయి. ఇంకో పద్ధతి ఘన స్థితి కిణ్వనం. తడిపిన తవుడును ఆటోక్లేవ్‌లో ఉడికించి, చల్లార్చి, బూజు కలిపి, వెచ్చగా కొన్ని రోజులు ఉంచుతారు. తర్వాత హార్మోను కడిగి తీసి శుద్ధి చేస్తారు. నీళ్ళు తక్కువ, మురుగు తక్కువ. కానీ కుప్ప లోపల వేడి పుడతాది, దాన్ని అదుపు చెయ్యడం కష్టం. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థలో 1980ల్లోనే గోధుమ తవుడు మీద దీన్ని చేశారు.

మరి మన తొక్క మీద పని చేస్తాదా? బ్రెజిల్‌ది ఎండిన పొట్టు, మనది ఎక్కువగా పచ్చి తొక్క. అందులోని కెఫీన్, టానిన్లు బూజుకి అడ్డం పడొచ్చు. ఎవరో ఒకరు చేసి చూడాలి. ఆ ఎవరో మనమే ఎందుకు కాకూడదు?

ఇంట్లో మాత్రం ఎవరూ ప్రయత్నించొద్దు. ఈ జాతి బూజుల్లో విషం తయారుచేసేవి ఉన్నాయి. ఇది ల్యాబ్ పని. మా బాధ కూడా అక్కడే. ఆటోక్లేవ్ బీరువాలో ఉంటాది, ప్రాక్టికల్ అంటే సీనియర్ల రికార్డు చూసి రాయడం. మార్కులు వస్తాయి, చెయ్యి తిరగదు.

డీఎస్సీకి, పోలీసు ఉద్యోగానికి చదవొద్దని మేము అనం. అందరం ఒకే లైన్లో నిలబడొద్దు అంటున్నాం. సైన్స్ తీసుకున్నవాళ్ళు తవుడుతో ప్రాజెక్టు చేయించమని గట్టిగా అడగండి. పీజీ, పీహెచ్‌డీ చేస్తున్న అన్నలు, అక్కలు ఒక్క ఆదివారం మా హాస్టళ్ళకి రండి. గింజ అమ్మి, తొక్క పారేసి, ఆ తొక్కలోంచి వేరేవాళ్ళు తీసిన సీసా రేపు మనమే కొనుక్కునే రోజు రాకూడదు.

జై ఆదివాసీ.