ఆకాశమునకు కన్నము వేసినదెవరు?

శీతలయంత్రములలోని వాయువును మార్చుకొనుడని బీదదేశములకు బోధించుట సంపన్న రాజ్యములకు సులభము. ఆ వాయువు వలన గలిగిన చెరుపునకు బాధ్యులెవరో, దానిని మాన్పుటకు వ్యయమెవరు భరింపవలయునో చెప్పుట వారికంత సులభము కాలేదు.

భూమికి సుమారు 15 మొదలు 35 కిలోమీటర్ల యెత్తున ఓజోను పొర దట్టముగా నున్నది. సూర్యుని అతినీలలోహిత కిరణములు సోకి ప్రాణవాయువు అణువు రెండు పరమాణువులుగా చీలును. విడివడిన పరమాణువు వేరొక ప్రాణవాయువు అణువుతో గూడి ఓజోనగును. ఆ ఓజోను అట్టి కిరణములనే మ్రింగి విరుగును, మరల కూడును. పొర యనుటయే గాని, దానినంతను సముద్రమట్టమునకు దించి పరచినచో మందము మూడు మిల్లీమీటర్లు మాత్రమే. మన చర్మమునకు, కన్నులకు, పైరులకు నదియే రక్ష.

1928లో అమెరికాలో శీతలయంత్రములకై సిద్ధపరుపబడిన క్లోరోఫ్లోరోకార్బనులు మండనివి, విషము కానివి యని మెప్పుపొందెను. నిజమే, చెడకుండుటయే వాని దోషము. చెక్కుచెదరక పైకిపోయి, అచ్చటి తీక్ష్ణకిరణములకు విరిగి క్లోరినును విడుచును. ఒక్క క్లోరిన్ పరమాణువు తాను తరుగకయే వేలకొలది ఓజోను అణువులను కూల్చును. 1974లో మొలీనా, రోలండు పండితులు హెచ్చరింపగా తయారుదారులు వాదమునకు దిగిరి. 1985లో దక్షిణధ్రువముపై ఓజోను క్షీణించుచున్నదని బ్రిటిషు పరిశోధకులు ప్రకటించిన పిదపగాని ఆ వాదము చల్లబడలేదు.

1987లో మాంట్రియలున ఒడంబడిక కుదిరెను. తలకు ఏటా 0.3 కిలోగ్రాముల లోపు వాడు బీదదేశములకు పదియేండ్ల గడువిచ్చిరి. గడువు సరే, ధనమేది? క్రొత్త ద్రవ్యముల విద్య యెవరి చేతిలో నున్నది? భారతదేశము చేరలేదు. దీనిని మొండితనమనువారు గలరు, మేమట్లు తలపము. నష్టము చేసినవాడే పరిహారమీయవలయునన్నది ఏ న్యాయస్థానమునందైనను చెల్లు మాటయే. 1990లో లండను సభలో సహాయనిధి యేర్పడెను. 1992లో మనమును చేరితిమి. ఉబ్బసపు మందులకు దక్క, ఆ ద్రవ్యముల వాడుకను 2008 ఆగష్టు 1 నాటికే, గడువుకంటె 17 నెలలు ముందుగా మానితిమి.

అయినను పాత యంత్రములలో హెచ్.సి.ఎఫ్.సి. 22 నేటికిని గలదు. కొంత తక్కువగానైనను అదియు ఓజోనును హరించును. బాగుచేయు మెకానిక్కు గొట్టము విప్పి దానిని వీధిలోనికి వదలినచో అతనిని నిందింపము. వాయువును పట్టి సీసాలో నింపు యంత్రము కొను స్తోమతు చిన్నకొట్టువానికెక్కడిది? లండనులో మనదేశము అడిగిన ప్రశ్ననే అతడు మనలను అడుగవచ్చును. పురపాలక సంఘములు అట్టి యంత్రములను కొని, స్వల్పమగు అద్దెకు మెకానిక్కులకిచ్చు ఏర్పాటును ఈ వేసవికి ముందే చేయవలయును.