గాయపడిన ఏడాదే అండ కావాలి

2023 సెప్టెంబరులో టెన్నిస్ ఆటగాడు సుమిత్ నాగల్ తన బ్యాంకు ఖాతా సంగతి విలేకరులకు చెప్పుకున్నాడు. అందులో ఉన్నది 900 యూరోలు, అంటే సుమారు 80 వేల రూపాయలు. అప్పటికి సింగిల్స్‌లో దేశంలోకెల్లా మేటి ర్యాంకు అతనిదే. ఆ ఏడాదే రోమ్‌లో, టాంపెరెలో రెండు ఛాలెంజర్ (రెండో శ్రేణి) టైటిళ్లు గెలిచాడు కూడా.

హరియాణాలోని ఝజ్జర్ కుర్రాడు, బడిపంతులు కొడుకు. పదేళ్లకే మహేశ్ భూపతి శిక్షణ పథకానికి ఎంపికయ్యాడు. పథకం మధ్యలో ఆగినా భూపతి అతన్ని వదల్లేదు. అలా కెనడా, ఆ తర్వాత జర్మనీ. 17 ఏళ్లకు వింబుల్డన్ బాలుర డబుల్స్ టైటిల్. 2019 యూఎస్ ఓపెన్‌లో ఫెదరర్ మీద తొలి సెట్టు 6-4తో గెలిచిన రాత్రి దేశమంతా అతని పేరు తలచుకుంది.

2021లో తుంటికి శస్త్రచికిత్స జరిగింది. టెన్నిస్‌లో ర్యాంకింగ్ పాయింట్లు 52 వారాలే నిలుస్తాయి. మంచం మీద ఉన్నవాడి పాయింట్లు ఒక్కొక్కటే రాలిపోతాయి. నాగల్ ర్యాంకు 500 దాటి జారింది. ర్యాంకు పోతే పెద్ద టోర్నీల్లో చోటుండదు, అక్కడి ప్రైజ్ మనీ ఉండదు, స్పాన్సర్లు మొహం చాటేస్తారు. ఖర్చులు మాత్రం ఎక్కడివక్కడే. ఒక్క కోచ్‌ను వెంటబెట్టుకుని తిరిగినా ఏడాదికి 80 లక్షల నుంచి కోటి దాకా అవుతుందని అతని లెక్క. డబ్బు చాలక 2023 తొలి మూడు నెలలు జర్మనీలో తాను శిక్షణ పొందే నెన్సెల్ అకాడమీకి దూరమయ్యాడు. మాజీ టెన్నిస్ ఆటగాడు సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్ వంటి మిత్రులు ఆదుకున్నారు. ఒలింపిక్ క్రీడాకారులకు కేంద్రం సాయమందించే టాప్స్ జాబితాలో అప్పుడతని పేరు లేదు. నన్ను ఎక్కువ బాధించేది ఇదే.

ఈ గోడు పత్రికలకెక్కాక గానీ సాయం కదల్లేదు. నాలుగు నెలలు తిరగకుండానే ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో 31వ సీడ్ బుబ్లిక్‌ను వరుస సెట్లలో ఓడించాడు. గ్రాండ్‌స్లామ్ సింగిల్స్‌లో భారతీయుడు సీడెడ్ ఆటగాణ్ని ఓడించడం 1989లో రమేశ్ కృష్ణన్ తర్వాత అదే మొదలు. ఫిబ్రవరిలో చెన్నై టైటిల్‌తో తొలి వందలో అడుగుపెట్టాడు. జులైకి 68వ ర్యాంకు.

ఇంత కష్టపడి పరాయి దేశం ఎందుకు? యూరప్‌లో సీజనంతా ఏదో ఒక ఊళ్లో ఛాలెంజర్ జరుగుతుంది. ఢీకొట్టడానికి సమ ఉజ్జీలు దొరుకుతారు. మన దగ్గర ఏడాదికి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. బ్యాడ్మింటన్‌లో ఈ అవస్థ తగ్గింది. గచ్చిబౌలిలో గోపీచంద్ అకాడమీ వచ్చాక సైనా, సింధు, శ్రీకాంత్ హైదరాబాద్‌లోనే రాటుదేలారు. టెన్నిస్‌లో విదేశం తప్పదనుకుంటే మరో దారీ ఉంది. మన తెలుగు ఆటగాడు సాకేత్ మైనేని అమెరికాలోని అలబామా యూనివర్సిటీలో చదువుకుంటూ టెన్నిస్ ఆడాడు. ఆట దెబ్బతిన్నా చదువు చేతిలో ఉండే దారి అది. పిల్లల్ని విదేశీ అకాడమీలకు పంపాలనుకునే తల్లిదండ్రులు దాని గురించీ ఆలోచించాలి.

పతకం వచ్చిన మర్నాడు కోట్లు, ఇళ్ల స్థలాలు ప్రకటించడానికి మన ప్రభుత్వాలు వెనుకాడవు. ఆ ఉత్సాహంలో కొంత ముందే చూపాలి. ఒక స్థాయికి చేరిన ఆటగాడు గాయపడితే, ర్యాంకుతో నిమిత్తం లేకుండా ఏడాదిపాటు వైద్యం, ఫిజియో, కోచ్ ఖర్చులు భరిస్తామని రెండు తెలుగు రాష్ట్రాలూ తమ క్రీడా విధానాల్లో రాసిపెట్టాలి.