రైలు ప్రదర్శనశాలలో కూలివాని చోటు

గడచిన కాలమును కన్నులకు గట్టునట్లు చూపుట ప్రదర్శనశాల చేయవలసిన పని. మన దేశమున రైలు చరిత్రను చూపుటకై 1977వ సంవత్సరమున న్యూఢిల్లీలో జాతీయ రైలు ప్రదర్శనశాల వెలసినది. అందలి ఆవిరి ఇంజనులు, మహారాజుల ప్రయాణపు పెట్టెలు, ఒంటి పట్టాపై నడచిన పటియాలా సంస్థానపు బండి పిన్నలను పెద్దలను ఆకర్షించుచున్నవి. అయినను రైలు చరిత్రయనగా ఇనుము చరిత్ర మాత్రమే కాదు. ఆ ఇనుమును మోసిన మనుష్యుల చరిత్ర కూడ అందు చేరవలెను.

1853 ఏప్రిల్ 16వ తేదీన బొంబాయి నుండి ఠాణాకు 14 పెట్టెలతో, సుమారు 400 మందితో తొలి ప్రయాణికుల బండి నడచెను. దానిని లాగిన మూడు ఇంజనులకు సాహిబ్, సింధ్, సుల్తాన్ అను పేళ్లు కలవని నేటికిని చెప్పుకొందురు. ఆ దారికి మట్టి మోసినవారి పేళ్లు చెప్పుకొనువారు లేరు.

బొంబాయి, పూనాల నడుమ సహ్యాద్రి కొండలపై 1863లో పూర్తియైన బోర్‌ఘాట్ మార్గము ఇందుకు మఱియొక నిదర్శనము. అందు 25 సొరంగములు త్రవ్విరి. ఒక దశలో 40 వేలకు మించిన కూలీలు అచట పనిచేసిరి. విషూచి, జ్వరములు, ప్రమాదములు వేలకొలది ప్రాణములను హరించెను. గుత్తదారుడగు సోలొమన్ ట్రెడ్‌వెల్ 1859లో మరణింపగా ఆతని భార్య ఆలిస్ పని సాగించిన సంగతి చరిత్రకెక్కినది. మరణించిన కూలివాని ఆలుబిడ్డల గతి యేమైనదో వ్రాసియుంచవలెనని ఆనాటివారికి తోచలేదు.

కావున ప్రదర్శనమును కూర్చువారు ప్రతి వస్తువు చెంతను మూడు ప్రశ్నలు వేసికొనవలెను. దీనిని ఎవరు నిర్మించిరి? ఎవరి ధనముతో నిర్మించిరి? దీనివలన ఎవరికి ఏమి లభించెను? ఇంజను ప్రక్కనే పలుగు, పార, తట్ట ఉంచవలెను. తొలినాటి ఆంగ్ల కంపెనీల పెట్టుబడిపై నూటికి 5 వంతుల ఆదాయమునకు ప్రభుత్వము పూచీపడి, లోటును మన ప్రజల పన్నులతో నింపిన లెక్కను ఒక పలకపై చూపవలెను. 1876-78 నాటి కఱవులో రైలు కఱవుసీమలకు ధాన్యము తెచ్చినది; ఆ కాలముననే దేశమునుండి ధాన్యము విదేశములకును తరలినది. ఈ రెండింటిని ఒకే పటముపై గుర్తింపవలెను. మూడవ తరగతి ప్రయాణికుల అవస్థలనుగూర్చి గాంధీజీ 1917లో వ్రాసెను. ఆనాటి పెట్టె నొకదానిని నిలిపి, అందలి ఇరుకు బల్లపై బాలురను కూర్చుండనీయవలెను.

“వినోదమునకై వచ్చినవారికి ఈ దుఃఖగాథలేల?” అని కొందఱు అడుగవచ్చును. గోడల నిండ వ్రాతలు నింపినచో చదువువారుండరనుట నిజమే. మాటలు తగ్గించి వస్తువులచే చెప్పించుట అందుకు తగిన ఉపాయము. రైలు మేలు చేయలేదనుటయు సత్యము కాదు. అది దూరమును తగ్గించినది. భిన్నప్రాంతములవారిని ఒకే పెట్టెలో కూర్చుండబెట్టినది. కాని మేలును చూపి, దానికి చెల్లించిన మూల్యమును దాచుట అర్ధసత్యమే యగును.

ఈ మాట తెలుగునాటికిని వర్తించును. రాజమహేంద్రవరము వద్ద 1900 నుండి 1997 వఱకు రైళ్లను మోసిన పాత వంతెన నేటికిని గోదావరిపై నిలిచియున్నది. దానికి మద్రాసు గవర్నరైన హేవ్‌లాక్ పేరు పెట్టిరి. నదీగర్భమున దాని పునాదులు దింపినవారి పేళ్లు ఇక దొరకకపోవచ్చును. పేళ్లు దొరకనిచో వారి పనిముట్లనైనను, వారి పనినైనను చూపి గౌరవించుట నేటివారి విధి.